బరువు మూడు కిలోలు, ఫ్యూజు చోట సిగరెట్ రేకు: ఒక ఎయిర్‌సాఫ్ట్ ఎం4 కేసు

"ఎత్తి చూడండి బాబాయ్, ఎంత బరువుందో!"

జిప్పు వేసిన క్రికెట్ కిట్ సంచీలోంచి తీసి నా బల్ల మీద పెట్టాడతను. నల్లటి ఎం4, అమెరికా సైన్యం రైఫిలు పోలికలో. దూరం నుంచి చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. తీరా చూస్తే 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లు కొట్టే బ్యాటరీ సరుకు, దీన్నే ఎయిర్‌సాఫ్ట్ అంటారు. కాటా మీద పెట్టాను. బ్యాటరీ, మ్యాగజైన్ కలిపి 3 కిలోల 110 గ్రాములు. ఈ బరువు సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

అతను షూటింగులకి సామాను అద్దెకిస్తాడు. విశాఖలో షూటింగులకేం కొదవ? బీచ్ రోడ్డు, రుషికొండ, భీమిలి, యారాడ, ఎక్కడో ఒకచోట కెమెరా నిలబడే ఉంటుంది. దూరం షాట్లకి చెక్కవి, ఫైబర్‌వి అతని గోడౌనులో బోలెడు. దగ్గరి షాట్లకి మాత్రం ఇదొక్కటే. ట్రిగ్గర్ నొక్కితే బోల్టు అనే కదిలే ముక్క వెనక్కీ ముందుకీ ఆడుతుంది, టకటకమని శబ్దం వస్తుంది, పట్టుకున్నవాడి చేతికి చిన్న కుదుపు తగులుతుంది. ఇలాంటివే ఇంకో నాలుగు కొందామని ఉన్నాడు. కానీ ఈ ఒక్కటే రెండు షూటింగుల్లో సరిగ్గా షాటు మధ్యలో 'టక్' మని ఆగిపోయి పరువు తీసిందట.

"రిపేరు ఎలాగూ చేస్తారు. అసలు ఈ మోడలు మంచిదా కాదా చెప్పండి. నాలుగు తేవాలా, మానాలా?"

నేను కంచరపాలెం ఐటీఐలో ఫిట్టరు చదివినవాణ్ని. ఇప్పుడు చిన్న వర్క్‌షాపు. కుట్టుమిషను మోటార్లు, ఆర్సీ కార్లు, డ్రోన్లు, గత ఆరేడేళ్లుగా ఇలాంటి ఎయిర్‌సాఫ్ట్‌వి కూడా చూస్తున్నాను. అసలును పోలిన నకిలీ తుపాకీ అంటే మన దేశంలో ఆషామాషీ సరుకు కాదు కాబట్టి బిల్లు, కాగితాలు చూడకుండా దేన్నీ విప్పను. అతను ఫైలు తెచ్చుకున్నాడు. షూటింగు ఉన్న ప్రతిసారీ ఆ ఏరియా స్టేషనుకి ముందే చెప్పి వెళ్తాడట. నౌకాదళం ఉన్న ఊళ్లో ఆ మాత్రం జాగ్రత్త ఉండాల్సిందే.

ముందు పైన

బల్ల మీదకి ఏది వచ్చినా మొదటి పని మ్యాగజైన్ తీసేయడం, కళ్లద్దాలు పెట్టుకోవడం, ఇసుక బకెట్లోకి రెండుసార్లు కొట్టడం. మ్యాగజైన్ తీసినంత మాత్రాన ఖాళీ అయినట్టు కాదు. బ్యారెల్ మొదట్లో ఉండే హాప్‌అప్ గదిలో ఒక బీబీ, అంటే ఆ ప్లాస్టిక్ గుండు, ఇరుక్కుని ఉండొచ్చు. దీన్లోంచి కూడా ఒకటి వచ్చింది. ఖాళీ తుపాకీ అనుకుని నటుల చేతికిచ్చినది ఇదే. అతని మొహం చూశాను, ఏమీ అనలేదు.

ఆ తర్వాత పాత స్పీకరు అయస్కాంతం. రిసీవరుకి, అంటే తుపాకీ నడుము భాగానికి, అంటుకోలేదు, జింకు పోత. బయటి బ్యారెల్‌కీ అంటుకోలేదు, అది అల్యూమినియం, పర్వాలేదు. స్క్రూలు, బెల్టు తగిలించే రింగు, పిన్నులు అంటుకున్నాయి, వాటన్నిటి మీదా పసుపు చల్లినట్టు తుప్పు. గోడౌను ఎక్కడ అంటే పెదవాల్తేరు అన్నాడు. సముద్రం మీంచి వచ్చే ఉప్పు గాలి ఇనుముని ఊరికే వదలదు. 2014లో హుద్‌హుద్ వెళ్లాక మూడు నెలలపాటు నేను చేసిన పని తుప్పు గీకడమే.

పై రిసీవరుని ఒక చేత్తో, కింద దాన్ని ఒక చేత్తో పట్టి మెలిపెడితే కటకట ఆడింది. ముందు పిన్ను రంధ్రం కొంచెం పెద్దదైంది. ప్రాణం మీదకొచ్చేదేం కాదు గానీ, కొత్తదానిలో కూడా ఇలా ఉంటే తయారీలో శ్రద్ధ లేనట్టే.

గొట్టం చివర నారింజ రంగు మూతకి ఎవరో నల్ల స్ప్రే కొట్టారు. అంచుల్లో పెచ్చులూడి నారింజ బయటపడుతోంది. అమెరికాలో ఇలాంటివాటికి ఆ రంగు మూత చట్టం ప్రకారం ఉండాలి, అందుకే చాలా కంపెనీలు దాంతోనే పంపుతాయి. విప్పమని మా కుర్రాడికిస్తే వాడు చెమటలు పట్టేదాకా తిప్పాడు. రాదు. ఎందుకంటే బిగిస్తున్నాడు. ఈ సరుకులో ఎక్కువ భాగం 14 మిల్లీమీటర్ల ఎడమ మర, మామూలు బోల్టుకి తిరగేసి ఉంటుంది. మా షాపులో ఈ తప్పు చేయనివాడు లేడు, నాతో సహా.

గుండు వేగం ఏం చెప్పింది

విప్పకముందే క్రోనో, అంటే గుండు వేగం కొలిచే యంత్రం, పెట్టాలి. 0.20 గ్రాముల బీబీలు, పది షాట్లు. అన్నిటికన్నా తక్కువ 338 ఎఫ్‌పీఎస్ (సెకనుకి అడుగులు), అన్నిటికన్నా ఎక్కువ 371. సగటు చూసి "350 దాకా ఉంది, బానే ఉంది" అనేవాళ్లున్నారు. నేను చూసేది రెండు చివరల మధ్య తేడా. 33 తేడా అంటే ఎక్కడో గాలి ఒకసారి కారుతోంది, ఒకసారి కారట్లేదు. మంచి సీలు ఉన్న గన్ను పది షాట్లలో పది లోపు తేడాతో కొట్టాలి.

లోపల ఏం జరుగుతుందో ఇక్కడ చెప్పేస్తే మిగతాది తేలిక. పేరు ఎయిర్‌సాఫ్టే గానీ ఇందులో గ్యాసు సిలిండరు ఏమీ లేదు. పిడిలో మోటారు. దాని మీద చిన్న పినియన్, పైన మూడు గేర్లు. చివరి గేరు పేరు సెక్టరు, దానికి సగం దాకానే పళ్లుంటాయి. ఆ పళ్లు పిస్టన్‌ని పట్టి వెనక్కి లాగుతాయి, స్ప్రింగు నొక్కుకుంటుంది. పళ్లు అయిపోయిన క్షణాన పిస్టన్ చేయి జారినట్టు ముందుకి దూకుతుంది, సిలిండర్లో గాలి నాజిల్ గుండా బీబీని తోస్తుంది. మన సైకిలు పంపే, మోటారు కొడుతోందంతే. మామూలు 18:1 గేర్లలో మోటారు సుమారు 18 చుట్లు తిరిగితే ఒక దెబ్బ. జపాన్‌లో టోక్యో మారుయి ఈ ఏర్పాటుతో మొదటి తుపాకీ, ఫామాస్ నమూనా, 1991లో తెచ్చింది. ఈనాటికీ ఎం4 ఆకారాల్లో ఎక్కువ భాగం వాళ్లు తెచ్చిన వెర్షన్ 2 గేర్‌బాక్స్ కొలతల మీదే నడుస్తున్నాయి. అందుకే ఏ కంపెనీ గన్ను వచ్చినా విప్పే దారి నాకు తెలుసు. స్పేర్లు కూడా ఒకదానివి ఇంకొకదానికి చాలామటుకు పడతాయి. కొనేవాడికి ఇదే పెద్ద ధైర్యం.

స్టాకులో దొరికింది

బ్యాటరీ స్టాకులో, అంటే భుజానికి ఆనించే వెనక భాగంలో. మూత తీశాను. 11.1 వోల్టుల లిపో (లిథియం పాలిమర్ బ్యాటరీ), ఒక పక్క పూరీలా పొంగింది. మూడు సెల్లుల్లో రెండు 3.6 వోల్టులు చూపిస్తే మూడోది 2.9. లిపో సెల్లు 3 కిందకి దిగితే దాని పని అయిపోయినట్టే. షూటింగు అయ్యాక తీగ పీకకుండా అలాగే వదిలేస్తున్నారని అడక్కుండానే అర్థమైంది. దాన్ని తీసి ముందు ఇసుక బకెట్లో పెట్టించాను.

తీగ పట్టి వెనక్కి వెళ్తే ఫ్యూజు హోల్డరు. అందులో గాజు ఫ్యూజు లేదు. దాని బదులు సిగరెట్ పెట్టెలో రేకుని నీటుగా చుట్ట చుట్టి పెట్టారు.

"ఇదేటి నాయనా?"

"మా లైట్‌బాయ్ పెట్టాడు బాబాయ్. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని..."

ఫ్యూజు మాటిమాటికీ పోతోందంటే అది ఏదో చెబుతోందని. వీళ్లు దాని నోరు నొక్కేశారు. లిపో పక్కన రేకు ఫ్యూజుతో ఏమీ అంటుకోకపోవడం అతని అదృష్టం.

స్టాకు విప్పుతుంటే ఇంకోటి బయటపడింది. అడుగున రెండు స్క్రూలతో బిగించిన ఇనుప పట్టీ, అరచేయంత పొడవు. అది దేనికీ ఆధారం కాదు, ఏదీ దానికి తగలదు. బరువు కోసం పెట్టారంతే. కాటా మీద 340 గ్రాములు. రంగు కూడా వేయలేదు, తుప్పు పెచ్చులుగా రాలి బ్యాటరీ గదిలో పోగుపడింది. అతను అంత గొప్పగా చెప్పిన బరువులో తొమ్మిదో వంతు ఈ పట్టీదే. చేతిలోకి తీసుకోగానే 'అబ్బ, దిట్టంగా ఉంది' అనిపించడానికి ఇదొక పాత ఉపాయం.

గేర్‌బాక్సు

స్ప్రింగుని వెనకనుంచి అలెన్ కీతో నొక్కి తిప్పితే బయటికొచ్చేసింది. గేర్‌బాక్సు విప్పకుండానే స్ప్రింగు మార్చే క్విక్ ఛేంజ్ ఏర్పాటు. ఈ మోడలులో నాకు బాగా నచ్చినది ఇదే. ఇది లేని గేర్‌బాక్సుని అజాగ్రత్తగా తెరిస్తే స్ప్రింగు గైడు ఎగిరి సీలింగు ఫ్యానుకి తగులుతుంది, మా ఫ్యాను రెక్క మీద గుర్తు ఇప్పటికీ ఉంది.

లోపల గ్రీజు వెన్న పూసినట్టు దట్టంగా ఉంది. తుడిచి చూస్తే గేర్లు ఉక్కువి, పళ్లు చెక్కుచెదరలేదు. సిలిండరు ఎదుట ఉండే మూల, వెర్షన్ 2లో ఎప్పుడూ పగిలే చోటు అదే, అక్కడ లోహం మందంగా పోశారు, మూల గుండ్రంగా తిప్పారు. శభాష్ అనుకున్నాను. పిస్టన్ మాత్రం వేరే కథ చెప్పింది. వెనకనున్న మొదటి పన్ను నమిలేసినట్టుంది. సెక్టరు గేరు మొదటి పన్ను దాన్ని నిటారుగా తాకకుండా ఏటవాలుగా కొడుతోంది. సిలిండరు హెడ్డు మీద సరైన మందంలో రబ్బరు ముక్క వేసి పిస్టన్‌ని కాస్త వెనక నిలబెడితే ఆ కోణం కుదురుతుంది. కంపెనీవాళ్లు కాగితమంత పలచని రబ్బరు అంటించి చేతులు దులుపుకున్నారు. 11.1 వోల్టుల వేగం ఆ దెబ్బని ఇంకా గట్టిది చేసింది.

పిస్టన్ హెడ్డుకున్న ఓ-రింగు, గాలి కారకుండా ఆపే రబ్బరు చుట్టు, ఎండి సిలిండర్లో వదులుగా జారుతోంది. నాజిల్‌ని వేలితో మూసి పిస్టన్‌ని తోస్తే, సీలు బాగున్నదానిలో గాలి మీద ఆగి వెనక్కి తంతుంది. ఇది ఒక క్షణం ఆగి ఉస్సుమంటూ జారిపోయింది. హాప్‌అప్ రబ్బరేమో ఉబ్బి, పెదవి దగ్గర చిరిగి ఉంది. బ్యారెల్‌లోంచి కుట్టుమిషను నూనె వాసన. ఎవరో 'ఆయిలింగ్' చేశారు. పెట్రోలియం నూనె రబ్బరుకి పడదు, ఇక్కడ వాడాల్సింది సిలికాన్ ఆయిలే, అదీ ఒక చుక్క. హాప్‌అప్ రబ్బరు పైనుంచి బీబీని ఒరుసుకుని దానికి వెనక్కి తిరిగే చుట్టు ఇస్తుంది, ఆ చుట్టు వల్లే గుండు కిందకి వాలకుండా దూరం పోతుంది. అక్కడ నూనె తగిలితే ఒరుపు పోతుంది, గుండు ఒకటి ఆకాశానికి, ఒకటి పాదాలకి.

ఇంక ట్రిగ్గర్ కాంటాక్టులు. రెండు రాగి రేకులు నల్లగా మాడి, గుంటలు పడి ఉన్నాయి. ఇందులో మోస్‌ఫెట్, అంటే కరెంటుని తెరిచీ మూసే ఎలక్ట్రానిక్ స్విచ్చి, లేదు. అంటే మోటారు తాగే కరెంటంతా వేలి కింది ఆ రేకుల మధ్య నుంచే వెళ్తుంది. నొక్కిన ప్రతిసారీ చిన్న మెరుపు. 7.4 వోల్టుల మీద చాన్నాళ్లు ఓర్చుకునేవేమో. 11.1 పెట్టి, ఫ్యూజు తీసేస్తే మాడక ఏం చేస్తాయి?

షాటు మధ్యలో ఎందుకు ఆగిందో ఇక్కడ తేలిపోయింది. ఒక సెల్లు చచ్చిన బ్యాటరీ, మాడిన కాంటాక్టులు. స్ప్రింగు సగం నొక్కేసరికి మోటారుకి ఊపిరి చాలలేదు. గేరు వెనక్కి తిరక్కుండా చిన్న కొక్కెం ఒకటి ఆపుతుంది, స్ప్రింగు అలాగే నొక్కుకుని ఉండిపోతుంది. సెమీలో, అంటే ఒక నొక్కుకి ఒకే దెబ్బ పద్ధతిలో ఉంటే, దెబ్బ అయ్యాక కరెంటు తెంచే కటాఫ్ లీవరు కూడా మధ్యలో ఇరుక్కుని ట్రిగ్గరు పట్టదు. అందరూ గేర్‌బాక్సు పోయిందనుకుంటారు. అలాంటప్పుడు సెలెక్టరుని ఆటోకి తిప్పి ఒక్కసారి నొక్కితే చాలాసార్లు విడిపోతుంది. సెట్లో ఈ ఒక్క ముక్క తెలిసుంటే ఆ రోజు షాటు ఆగేది కాదు.

బిగింపు, నా తప్పు ఒకటి

పిస్టన్ మార్చాను. సిలిండరు హెడ్డు మీద 3 మిల్లీమీటర్ల గట్టి నియోప్రీన్ అంటించి, పెట్టె మూయకుండానే సెక్టరుని చేత్తో తిప్పి పన్ను నిండుగా కూర్చుంటోందా లేదా చూశాను. షిమ్ములు మళ్లీ పేర్చాను. సెక్టరు గేరు పక్కకి అరమిల్లీమీటరు దాకా ఆడుతోంది, 0.1, 0.2 మందాల వాషర్లతో సరిచేశాను. ఇది చెప్పడానికి ఒక లైను, చేయడానికి రెండు పూటలు. బిగుతైతే గేర్లు కూర్చుండిపోతాయి, వదులైతే కీచుమంటాయి. కాంటాక్టులు రుద్ది, మోస్‌ఫెట్ వేసి, అసలు సిసలు 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను. బ్యాటరీ తీగకున్న మినీ టామియా రకం కనెక్టరు ఉప్పుకి పచ్చబడింది, కోసేసి డీన్స్ రకం వేశాను.

అన్నీ మూసి నొక్కితే మోటారు కుయ్యిమంది, గేర్లు వెనక్కి జారాయి. వెనక్కి తిరక్కుండా ఆపే ఆ కొక్కేనికి బియ్యపు గింజంత స్ప్రింగు ఉంటుంది. అది వేయలేదు. రాత్రి తొమ్మిదింటికి నేనూ మా కుర్రాడూ టార్చీ పట్టుకుని బల్ల కింద బోర్లా పడుకుని వెతికాం. చివరికి దొరికింది నా స్పీకరు అయస్కాంతానికే, అది అంటుకుని పొద్దున్నుంచీ అక్కడే ఉంది.

"మేస్త్రీ, ఈ మాట బాబుకి చెప్పొద్దులెండి" అన్నాడు మావాడు. చెప్పాను. బిల్లులో ఆ రెండు గంటలు వేయలేదు కూడా.

మోటారు ఎత్తు సరిచేయడం చివరి పని. పిడి అడుగున చిన్న స్క్రూ ఉంటుంది, పావు చుట్టు చొప్పున తిప్పుతూ చెవితో వినాలి. మొదట్లో పిల్లిపిల్ల అరిచినట్టుంది, తిప్పగా తిప్పగా ఆ అరుపు పోయి మిక్సీ దూరం నుంచి వినబడినట్టు సమంగా వచ్చింది. అక్కడ ఆపాను. క్లాంప్ మీటరులో కూడా కరెంటు తగ్గింది.

7.4 వోల్టుల బ్యాటరీతో మళ్లీ పది షాట్లు: 352 నుంచి 358. సగటు 355 అంటే సెకనుకి 108 మీటర్లు, శక్తి 1.17 జౌళ్లు. జపాన్‌లో అయితే ఇది చెల్లదు, అక్కడ పరిమితి 0.98 జౌళ్లు. మైదానంలో ఆడుకునేవాడికి ఇక్కడితో నా పని అయిపోయినట్టే.

కానీ ఇతను ఆడేవాడు కాదు. సెట్లో ఈ గన్ను బీబీ లేకుండా, ఖాళీగానే కొడుతుంది. బ్యారెల్‌లో గుండు ఉంటే దాని వెనక గాలి కాస్త అడ్డుకుని పిస్టన్ దెబ్బని మెత్తన చేస్తుంది. ఖాళీగా కొడితే పిస్టన్ నేరుగా వెళ్లి హెడ్డుకి గుద్దుకుంటుంది. అంటే షూటింగు గన్ను ఆట గన్ను కన్నా ఎక్కువ దెబ్బలు తింటుంది. శబ్దానికీ, బోల్టు కదలడానికీ బలమైన స్ప్రింగు అక్కర్లేదు. క్విక్ ఛేంజ్ ఉంది కాబట్టి రెండు నిమిషాల్లో ఎం90 అనే మెత్తటి స్ప్రింగు వేశాను. క్రోనో 300 దగ్గరికి దిగింది. పొరపాటున గదిలో బీబీ మిగిలినా ఎవరికో తగిలే దెబ్బ ఆ మేరకు తగ్గుతుంది. అయినా కెమెరా ముందు ఉన్నవాళ్ల వైపు పెట్టి నొక్కొద్దని, ఖాళీ చేసిన సంగతి ఇద్దరు చూడాలని రాసిచ్చాను.

నాలుగా, రెండా

అతను వచ్చాడు. విప్పిన పాత ముక్కలన్నీ పళ్లెంలో పెట్టి ఉంచాను. ఒక్కొక్కటీ చేతికిచ్చాను. చిరిగిన పిస్టన్ పన్ను కంపెనీ పాపం. మోస్‌ఫెట్ లేకపోవడం, షిమ్ముల్లో బద్ధకం, పిన్ను ఆట, ఇవీ వాళ్లవే. రేకు ఫ్యూజు, 11.1 బ్యాటరీ, కుట్టుమిషను నూనె మీవి. ఈ తుప్పు, ఈ పచ్చదనం పెదవాల్తేరు సముద్రానివి. మొదటి వరస చూసి మోడలు మంచిదో కాదో చెప్పాలి గానీ, మూడూ కలిపేసి 'దరిద్రపు గన్ను' అనకూడదు. ఆ ఒక్క వరసే చూస్తే ఇది మధ్యస్థం కన్నా ఒక మెట్టు పైన. గేర్లు, పెట్టె, స్ప్రింగు ఏర్పాటు డబ్బుకి తగ్గట్టున్నాయి. బాగోలేనివన్నీ ఒకటిన్నర రోజు పనితో బాగయ్యేవే.

"అయితే నాలుగూ తెచ్చేమంటారా?"

"ఒక ఫ్రేములో దగ్గరగా కనబడేవి ఎన్ని?"

ఆలోచించాడు. "రెండు. ఎప్పుడో మూడు."

"రెండు తే. మిగతా డబ్బుతో 7.4 బ్యాటరీలు, వాటికి బ్యాలెన్స్ ఛార్జరు, రెండు మోస్‌ఫెట్లు. కొత్తవి డబ్బా విప్పగానే ముందు నా బల్ల మీదకి రావాలి, తర్వాతే సెట్‌కి."

దాచడం గురించి కూడా చెప్పాను. మూత బిగుతుగా పడే ప్లాస్టిక్ ట్రంకు, లోపల సిలికా జెల్ పొట్లాలు, సముద్రం వైపు కిటికీకి దూరంగా. బ్యాటరీ విడిగా, సెల్లుకి 3.8 వోల్టుల దగ్గర. ఉక్కు భాగాలకి నెలకోసారి నూనె గుడ్డ, రబ్బరు జోలికి మాత్రం పోకూడదు.

అన్నిటికీ తలూపి గన్ను చేతిలోకి తీసుకున్నాడు. భుజానికి ఆనించి చూశాడు. మొహం మారింది.

"తేలిపోతోందేటి బాబాయ్?"

పళ్లెంలో ఉన్న ఇనుప పట్టీ చూపించాను. ఇది పనికిమాలినదనీ, తుప్పు రాల్చి బ్యాటరీ గదిని పాడు చేస్తోందనీ చెప్పాను. విన్నాడు. మళ్లీ ఎత్తి చూసుకున్నాడు.

"అది కాదు బాబాయ్. బరువు లేకపోతే మా హీరో దాన్ని చీపురుకట్టలా తిప్పేస్తాడు. కెమెరాలో తెలిసిపోద్ది. అది మళ్లీ పెట్టేయండి."

ఇన్నేళ్లలో నాకు తట్టని సంగతి. పట్టీని వైరు బ్రష్షుతో గీకి, రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు వేసి, ఆరడానికి వాకిట్లో తీగకి వేలాడదీశాను. మర్నాడు సాయంత్రం అవే రెండు స్క్రూలతో మళ్లీ బిగించాను. కాటా మీద 3 కిలోల 95 గ్రాములు. బ్యాటరీ చిన్నదవడం వల్ల ఆ పదిహేను గ్రాములు తగ్గాయి.